అత్తమ్మ హౌజు

వేసవి సెలవులకు కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్తే మా పిల్లలకు అత్తమ్మ వాకిట్లోని సిమెంటు హౌజే స్విమ్మింగ్ పూల్. ఈసారి చూస్తే గోడలన్నీ పచ్చటి పాచి. బ్లీచింగ్ పౌడర్ కలిపాను. మర్నాటికి వాసనే లేదు. మళ్ళీ వేశా, మళ్ళీ అంతే. విప్పిపెట్టిన సంచిలో పౌడర్ సత్తువ పోతుంది కదా, దుకాణం అతన్ని అనుమానించి కొత్త సంచి తెప్పించా. ఊహూ!

ఎండకు కూడా క్లోరిన్ పోతుంది. సరేనని పొద్దుగూకాక వేశా. కాసేపాగి చిన్న సీసాలో ఆ నీళ్లు పట్టి, క్లోరిన్ చూసే చుక్కల మందు వేస్తే పసుపు రంగొచ్చింది. తెల్లవారుజామున వేస్తే ఏ రంగూ లేదు. రాత్రి ఎండెక్కడిది? పాచే తినేస్తోందన్నమాట.

"తోమకుంటె ఎట్ల పోతది బిడ్డా?" అంది అత్తమ్మ. "వారం వారం నేనే తోముతుంటి. దసరా సంది మోకాళ్లు వంగుతలేవు."

మాకెవ్వరికీ చెప్పనేలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "మంచిగనే ఉన్న" అనేది.

నీళ్లన్నీ తీసేసి, కొబ్బరి పీచుతో నేనూ మా ఆయనా మూలమూలా తోమాం. నింపి, సాయంత్రం పౌడర్ వేశాం. తెల్లారి కూడా సీసాలో పసుపు నిలిచింది. అది బాగా పలచబడేదాకా పిల్లల్ని దిగనివ్వలేదు, వాళ్ల గోల వాళ్లది. సోమవారం అత్తమ్మను కామారెడ్డిలో ఎముకల డాక్టరుకు చూపిస్తున్నాం.