తాళం... హ్యాండిల్... స్టాండ్

"అక్కా, చాబీ!"

సికింద్రాబాద్‌లో బండి నడిపే అమ్మాయి ఎవరైనా ఈ కేక ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటుంది. మోండా మార్కెట్ బయట బండి ఆపుతుంది. అప్పుడే ఫోన్ మోగుతుంది. ఒక చేతిలో ఫోన్, ఇంకో చేతిలో సంచి, మొహానికి చుట్టుకున్న చున్నీ విప్పడానికి మూడో చెయ్యి లేదు. పది అడుగులు వేసేసరికి వెనక నుంచి కేక. తిరిగి చూస్తే తాళం బండికే వేలాడుతూ ఉంటుంది. అరిచినాయన నిమ్మకాయల బండి దగ్గర తన బేరంలో తను పడిపోయి ఉంటాడు, మన థాంక్స్ కూడా వినడు. "అన్నా, సైడ్ స్టాండ్!" అనే ఫేమస్ కేకకి ఇది చెల్లెలన్నమాట.

ఆ కేక మీద ఆధారపడకుండా తాళం కాపాడుకోవడానికి జనం పడే తిప్పలు గమనించడం నాకో పిచ్చి. ఆ పిచ్చి అంటించింది మా నాన్న. ఆయన సంగతి కాసేపాగి చెప్తా.

ముందు మన బట్టల సంగతి. అబ్బాయిలకి ప్యాంటుకి నాలుగు జేబులు, చొక్కాకి ఒకటి. కుర్తీలు కుట్టేవాళ్లకి మాత్రం ఆడవాళ్లకీ బండి ఉంటుందని ఇంకా నమ్మకం కుదిరినట్టు లేదు. అందుకే మన తాళం హ్యాండ్‌బ్యాగ్ అడుక్కి చేరుతుంది... ఛార్జరు, మెట్రో కార్డు, నలిగిపోయిన బిల్లుల కిందకి. పోయినట్టు కాదు, కానీ దొరకదు.

అంతకంటే ఘోరం స్కూటీ డిక్కీ. తాళంతో సీటు తెరుస్తాం. రెండు చేతులతో సామాను సర్దాలి కాబట్టి తాళం కూడా లోపలే ఓ మూల పెడతాం. సీటు నొక్కుతాం. టక్! మూయడానికి తాళం అక్కర్లేదు, తెరవడానికే కావాలి. మా ఆఫీసులో ఒకమ్మాయికి ఇలా రెండుసార్లు అయింది. ఆ తర్వాత తనో రూల్ పెట్టుకుంది: సీటు తెరిచి ఉన్నంతసేపూ తాళం పళ్ల మధ్యే ఉండాలి. చూడ్డానికి బాగోదు, నోరంతా ఇనుము రుచి. కానీ మూడోసారి జరగలేదు.

అసలు తాళం పోకూడదంటే దాన్ని మనిషికే కట్టేయాలి అనే ఆలోచన మన తాతలది. మా తాత బీరువా తాళం ఆయన మొలతాడుకి ఉండేది. స్నానం చేసినా, నిద్రపోయినా అది ఒంటి మీదే. జంధ్యానికి ముడేసుకున్న పంతుళ్లు, పుస్తెలతాడుకి పిన్నీసులతో పాటు ట్రంకుపెట్టె తాళం కూడా తగిలించుకున్న అమ్మమ్మలు, గుత్తి బొడ్లో దోపుకుని ఇల్లంతా గలగలమని తిరిగే అత్తలు... ప్రతి ఇంట్లోనూ ఒకరుండేవారు. మాటలు కూడా చూడండి ఎంత ముద్దుగా ఉంటాయో. తాళానికి కప్ప అని పేరు, దాన్ని తెరిచేదానికి చెవి అని పేరు. కప్పకి చెవి ఎవరు పెట్టారో మరి! రాయలసీమలో బీగం అంటారు. మన దగ్గర చాబీ అంటేనే పని అవుతుంది.

ఇప్పటి మొలతాడు ఆఫీసు ఐడీ కార్డు ట్యాగ్. పరేడ్ గ్రౌండ్ మెట్రో దగ్గర పొద్దున్న నిలబడి చూడండి. బండి పెట్టి రాయదుర్గం ట్రైన్ కోసం పరిగెత్తే కుర్రాళ్ల మెడల్లో కార్డుతో పాటు బండి తాళం కూడా ఊగుతూ ఉంటుంది. కొందరు కొండలెక్కేవాళ్లు వాడే కొక్కెం ఒకటి జీన్స్ బెల్టు పట్టీకి తగిలించుకుంటారు. నా ఓటు దానికే. చెయ్యి అలవాటుగా నడుము దగ్గరికే పోతుంది, చప్పుడు కూడా వినిపిస్తుంది.

ఇంకో బ్యాచ్ ఉంది. తాళం చిన్నది కాబట్టే పోతోంది, పెద్దది చేసేద్దాం అనే బ్యాచ్. ఓ బొచ్చు బంతి, ఓ సాయిబాబా, ఇంటి తాళాలు రెండు, డెస్కు తాళం, ఎవరో గోవా నుంచి తెచ్చిన బీరు ఓపెనర్. అన్నీ ఒకే రింగుకి. మా తమ్ముడిదీ అదే బాపతు. వాడి స్ప్లెండర్‌కి డూప్లికేట్ చేయిద్దామని రాణిగంజ్ వైపు ఫుట్‌పాత్ మీద కూర్చునే ఓ సర్దార్జీ దగ్గరికి తీసుకెళ్లా. ఓ చిన్న పెట్టె, మెడలో దండలా వేలాడదీసిన ఖాళీ తాళాలు, ఓ ఆకురాయి. అదీ ఆయన దుకాణం. గుత్తి చేతిలోకి తీసుకుని బరువు చూసి, "ఇది చాబీ కాదు బేటా, గుడి గంట" అన్నాడు.

నవ్వాం గానీ ఆయన చెప్పింది మాత్రం అందరూ తెలుసుకోవాల్సిందే. బండి తాళం లోపల వరసగా పల్చటి ఇత్తడి పలకలు, వాటి వెనక చిన్న చిన్న స్ప్రింగులు ఉంటాయి. తాళంచెవికున్న గాట్లు ఒక్కో పలకని దాని దాని ఎత్తులో నిలబెడతాయి. అన్నీ సరిగ్గా కుదిరితేనే తాళం తిరుగుతుంది. ఒకసారి ఆన్ చేశాక, మళ్లీ ఆఫ్‌కి వచ్చేదాకా తాళంచెవి బయటికి రాకూడదు. అదీ లెక్క. గుత్తి బరువుగా ఉంటే ప్రతి గతుక్కీ ఊగుతుంది. ఊగి ఊగి పలకలూ, గాట్లూ రెండూ అరుగుతాయి. బాగా అరిగాక ఇంజన్ నడుస్తుండగానే తాళం ఊడొస్తుంది. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎగిరి రోడ్డు మీద పడుతుంది. బండి మాత్రం ఏమీ ఎరగనట్టు పోతూనే ఉంటుంది. ఇల్లు చేరి ఆపబోతే గానీ తెలీదు. అలాంటి లాక్‌ని ఆపడానికి పక్కింటివాళ్ల తాళం పెట్టినా తిరుగుతుంది. దొంగకి స్టార్ట్ చేసుకోవడానికీ అదే సరిపోతుంది.

కాబట్టి తాళం పోకుండా పెట్టుకున్న బరువే తాళాన్ని పోగొడుతుంది. తమ్ముడు అక్కడికక్కడే బొచ్చు బంతి పీకేశాడు. బీరు ఓపెనర్ మాత్రం ఉంచుకున్నాడు.

సర్దార్జీ చెప్పిన ఇంకో మాట. డూప్లికేట్‌ని ఎప్పుడూ రోజూ వాడే తాళం చూసి చేయించొద్దు. దాని అరుగుదల కూడా కొత్తదాంట్లోకి దిగిపోతుంది. షోరూమ్‌లో ఇచ్చిన రెండోది, బీరువాలో కొత్తగా ఉన్నది తీసుకెళ్లాలి. లాక్ బిగుసుకుంటే కొబ్బరినూనె, ఇంజన్ ఆయిల్ పోయొద్దు. దుమ్ము పట్టి జిగురైపోతుంది. పెన్సిల్ ముక్కు గీకి ఆ నల్లపొడి వేస్తే చాలు, అది గ్రాఫైట్. ఇక కొత్త బండితో పాటు తాళం నంబరున్న చిన్న బిళ్ల ఇస్తే దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి, రెండు తాళాలూ పోయిన రోజున ఆ నంబరే దిక్కు.

ఈ గొడవంతా త్వరలో ఉండదేమో. హోండా 2023లో యాక్టివాకి స్మార్ట్ కీ తెచ్చింది. అది బ్యాగులో ఉంటే చాలు, గుండ్రటి స్విచ్ తిప్పి బండి స్టార్ట్ చేసుకోవచ్చు. ఓలా స్కూటర్లలో కొన్నింటికైతే తాళమే లేదు, ఫోనో పాస్‌కోడో ఉంటే చాలు. స్మార్ట్ కీలో నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. పార్కింగ్‌లో బండి ఎక్కడుందో దొరక్కపోతే బటన్ నొక్కితే ఇండికేటర్లు వెలిగి ఆరుతూ 'ఇక్కడున్నా' అంటాయి. అది మొదటిసారి చూసినప్పుడు నాకు చప్పున నాన్న గుర్తొచ్చాడు.

నాన్న రైల్వేలో డ్రైవరు. ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు, ఆయన మాత్రం డ్రైవరనే చెప్పుకుంటాడు. గూడ్స్ బండ్లు ఎక్కువ తోలాడు. ఆయన నడిపిన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్‌కి 2600 హార్స్‌పవర్. అంత ఇంజన్‌కీ ఓ తాళం లాంటిది ఉంది. రివర్సర్ హ్యాండిల్ అంటారు. ఇంజన్‌ని న్యూట్రల్‌కి తెస్తేనే అది ఊడి చేతికొస్తుంది. డ్రైవరు క్యాబ్ దిగితే దాన్ని తీసుకునే దిగాలి. అప్పట్లో సింగిల్ లైన్లలో టోకెన్ కూడా ఉండేది. అది చేతికందకుండా బండి ముందుకి కదపకూడదు. రెండు స్టేషన్ల మధ్య ఒక్కసారికి ఒక్క టోకెనే బయటికొచ్చేలా మిషన్లు కట్టారు. ఇవన్నీ చేతిలో పట్టుకుని బతికినవాడు కాబట్టి, ఆయన లెక్కలో తాళం అంటే బండి కదపడానికి ఒక మనిషికిచ్చిన అనుమతి. ఎక్కడో పడేసే వస్తువు కాదు.

మా చిన్నప్పుడు ఇంట్లో చేతక్ ఉండేది. పాత చేతక్‌లకి ఇంజన్ తాళమే లేదు, తెలుసా? బటన్ నొక్కితే ఆగుతుంది, కిక్ కొడితే ఎవరికైనా స్టార్ట్ అవుతుంది. ఉన్న తాళమల్లా హ్యాండిల్‌కీ, ముందు డబ్బాకీ. హ్యాండిల్ లాక్ వేయడం మర్చిపోతే స్కూటర్ ఊరందరిదీ. అప్పుడే నాన్న ఓ పద్ధతి పెట్టాడు. ఇంజన్‌లో సిగ్నల్ కనపడగానే డ్రైవరు, అసిస్టెంటు ఇద్దరూ చెయ్యి చాపి దాని రంగు పైకి చెప్పుకోవాలి. ఒకరు చెప్తే రెండోవాళ్లు తిరిగి చెప్పాలి. నాన్న స్కూటర్ ఆపి వేలుతో చూపిస్తూ "తాళం... హ్యాండిల్... స్టాండ్" అనేవాడు. వెనక కూర్చున్న మేము అసిస్టెంట్లం. మేమూ "తాళం, హ్యాండిల్, స్టాండ్" అనాలి. అనకపోతే దిగనిచ్చేవాడు కాదు. కాలేజీ గేటు దగ్గర, ఫ్రెండ్స్ ముందు, ఇది ఎంత నరకమో ఊహించుకోండి. తర్వాత స్ప్లెండర్ వచ్చినా అదే మంత్రం. మెట్టుగూడలో మా ఇంటి పక్కవాళ్ల పిల్లలు కూడా ఆటల్లో అలాగే అరిచేవాళ్లు.

ఆ పద్ధతి పుణ్యమా అని మా ఇంట్లో బండి తాళం ఎప్పుడూ పోలేదు. ఒకరోజు బండి పోయింది.

నాన్న రిటైరై చాలా ఏళ్లయ్యాక సంగతి. పెన్షన్ ఫ్రెండ్ ఎవరినో ట్రైన్ ఎక్కించడానికి స్టేషన్‌కి వెళ్లాడు. రాత్రి ఆటోలో వచ్చాడు. చేతిలో తాళం గట్టిగా పట్టుకుని ఉంది. "బండి ఎవరో కొట్టేశారే" అన్నాడు అమ్మతో. ఒకటో నంబర్ ప్లాట్‌ఫాం వైపు పార్కింగంతా రెండు గంటలు వెతికాట్ట. పోలీసు కంప్లయింట్‌కి వెళ్దామని తమ్ముడు కాగితాలు తీశాడు. ఇన్సూరెన్స్ ఏజెంట్‌కి ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న "తాళాలు రెండూ ఉన్నాయా?" బండి పోతే క్లెయిమ్‌కి రెండూ ఇవ్వాలి. ఒకటి లేకపోతే బండికే వదిలేసి వచ్చారంటారు. "ఉన్నాయి" అని నాన్నే గర్వంగా చెప్పాడు.

పొద్దున్న అమ్మ చొక్కా ఉతకబోతే జేబులో పార్కింగ్ చీటీ దొరికింది. బోయిగూడ వైపుది. పదో నంబర్ ప్లాట్‌ఫాం పక్క. అక్కడ బండి పెట్టి, ఫ్రెండ్‌ని రైలెక్కించి, వంతెన మీదుగా ఇవతలకి దిగాడు. నేనూ తమ్ముడూ వెళ్లి చూశాం. స్ప్లెండర్ భద్రంగా ఉంది. హ్యాండిల్ లాక్ వేసి ఉంది. సెంటర్ స్టాండ్ వేసి ఉంది. అంత పద్ధతిగా పెట్టిన బండి ఆ పార్కింగ్ మొత్తంలో ఇంకోటి లేదు.

ముప్పై ఏళ్లకి పైగా డ్యూటీ చేసిన స్టేషన్ అది. ఏ ప్లాట్‌ఫాం మీద నీళ్ల కొళాయి ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలడు.

తర్వాతి నెలల్లో ఇంకో రెండుసార్లు అయింది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. బొమ్మలు చూపించి, అంకెలు వెనక నుంచి చెప్పమని, గడియారం గీయమని టెస్టులు పెట్టారు. మతిమరుపు మొదలైందన్నారు, మందులు రాశారు. బండి నడపకపోతే మంచిదన్నారు. అది ఎవరు చెప్పాలి? అమ్మ నన్ను చూసింది. నేను తమ్ముడిని చూశా. వాడు ఫోన్ చూసుకున్నాడు. తాళం దాచేద్దామని కూడా అనుకున్నాం. అది తలుపు పక్కన మేకుకి, ఎప్పుడూ ఉండే చోటే ఉంది. దాచితే ఆయన వెతుకుతాడు. దొరక్కపోతే, తనే పోగొట్టానని అనుకుంటాడు. జన్మలో తాళం పోగొట్టని మనిషికి ఆ నింద వేయడం నావల్ల కాలేదు.

నాలుగైదు రోజులు మేకు వైపు చూడకుండా తిరిగాం. ఓ ఆదివారం పొద్దున్న నాన్నే తాళం తీసుకుని వచ్చి నా ముందు టేబుల్ మీద పెట్టాడు.

"నాతో చేసినవాళ్లు ఇద్దరు ముగ్గురు కంటి టెస్టు పాసవ్వక ఇంజన్ దిగారమ్మా. వాళ్లని ఆఫీసులో కూర్చోబెట్టారు. ఏడ్చారు గానీ ఎవరూ మళ్లీ క్యాబ్ ఎక్కలేదు. నేనూ టెస్టు ఫెయిలయ్యానుగా" అన్నాడు.

"నాన్నా, అదేం కాదు..." అన్నా.

"ఛార్జ్ తీసుకో. సైన్ ఆఫ్" అని పేపర్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లిపోయాడు.

ఇప్పుడు స్ప్లెండర్ నాతో తార్నాకలో ఉంటోంది. లాక్ సెట్ కొత్తది వేయించా, పాతది నిజంగానే అరిగిపోయింది. దాంతో పాటు రెండు కొత్త తాళాలొచ్చాయి. ఆదివారం నాన్నని వెనక కూర్చోబెట్టుకుని ఓ రౌండ్ వేస్తా. ఒక్కోసారి ఎక్కడికెళ్తున్నామో రెండుసార్లు అడుగుతాడు. బండి ఆపగానే మాత్రం నాకంటే ముందే వెనక నుంచి "తాళం..." అని మొదలుపెడతాడు. తిరిగి చెప్పేదాకా దిగడు.

రెండో తాళం జాగ్రత్తగా ఎక్కడన్నా పెట్టమని అమ్మకిచ్చా. ఇన్సూరెన్స్ రెన్యువల్‌కి కాగితాలు సర్దుతూ మొన్న అడిగా, ఎక్కడుందని. బీరువాలో లేదు. అమ్మ వంటింట్లోంచి గొంతు తగ్గించి చెప్పింది.

"మీ నాన్న మొలతాడుకి."

నేనడగలేదు.