నోరు చెరి సగం

మందార కొమ్మ విరిచి నేలలో గుచ్చితే చిగురేస్తుందని మనలో తెలియనివాళ్ళుండరు. పక్కింటావిడ గోడ మీదనుంచి "కాస్త ముద్దమందార కొమ్మ ఇద్దురూ" అంటే వెంటనే వెళ్ళి నరికిచ్చేస్తాం. మొక్క నొచ్చుకుంటుందేమోనన్న ఊహ కూడా రాదు. కానీ, నోరు తెరిచి తిండి తినే ప్రాణిని బ్లేడుతో నిలువునా కోసి, "ఇదుగో, రెండయ్యాయి" అంటే మీరేమంటారో! నేను మాత్రం "శివశివా" అన్నాను.

అమెరికాలో మా అబ్బాయింట్లో, హాల్లో వంద గ్యాలన్ల అద్దాల తొట్టి వుంది. మన లెక్కలో దాదాపు 380 లీటర్లు. అందులో వున్నది సాక్షాత్తూ సముద్రమే. లీటరుకి 35 గ్రాముల చొప్పున, దీనికోసమే అమ్మే ఉప్పు తెచ్చి కలుపుతారు. ఆవకాయకి కూడా నేనంత నిష్ఠగా ఉప్పు కొలిచి ఎరగను. లోపల రాళ్ళు, వాటిమీద పగడాలు, ఓ రాతి సందులో సీ ఎనిమోన్. నాకు నోరు తిరగక "సముద్రప్పువ్వు" అంటాను. చూడ్డానికి పువ్వే మరి. వేళ్ళలాంటి రేకులు, ఒక్కోదాని చివర చిన్న బుడగ. ఆ రేకులు కుడతాయి సుమండీ! నడిమధ్యన ఒక్కటే నోరు. తిండి లోపలికి వెళ్ళేదీ ఆ దారినే, మిగిలింది బయటికొచ్చేదీ ఆ దారినే. (ఇంతకంటే చెప్పను. భోజనాలవేళ చదివేవాళ్ళుంటారు.) దాని ఒంట్లో కంటికానని నాచు కాపురముండి, దీపం వెలుతురుతో చాలామటుకు వంట చేసి పెడుతుందట. పైన వారానికోసారి మనం రొయ్యముక్క అందిస్తే చాలు.

ఆ రేకుల మధ్య రెండు నారింజరంగు చేపలు, తెల్ల చారలవి, హాయిగా మసలుతూంటాయి. వాటిని మాత్రం కుట్టదు. పెద్దది ఆడది, చిన్నది మగది. ఆడది పోతే మగదే ఆడదై ఇంటి పెత్తనం చేపడుతుందట. మా వారికి ఈ సంగతి చెబితే పేపరు అడ్డం పెట్టుకున్నారు.

ఇంతకీ కోసింది మా అబ్బాయి కాదు, కోడలు. వాడు చెయ్యి వణుకుతుందని తప్పుకున్నాడు. పువ్వు అడుగున ఒక పాదం వుంటుంది, దాంతో రాయిని కరుచుకు కూర్చుంటుంది. గోరుతో లాగితే చిరుగుతుంది. కోడలు చిన్న ఐసుముక్క తెచ్చి ఆ పాదానికి తాకించింది. చలికి అది తనంతట తానే పట్టు వదిలేసింది. పళ్ళెంలో పెట్టి, కొత్త బ్లేడు తీసి, సరిగ్గా నోటి మీదుగా, పాదం దాకా ఒక్క కోత. కత్తెర పనికిరాదట, నలిపేస్తుందిట.

"నోటి మీదే ఎందుకమ్మాయీ, పక్కగా కొయ్యరాదూ?" అన్నాను.

"నోరు చెరి సగం రావాలి అత్తయ్యా. నోటి ముక్క దక్కని భాగం బతకడం కష్టం."

నోరుంటే తల కాస్తుందని మనవాళ్ళు ఊరికే అన్నారా! దీనికి తలే లేదు, అది వేరే మాట.

నా మనసు మాత్రం ఒప్పలేదు. బ్లేడు తగలగానే అది ముడుచుకోవడం నేను కళ్ళారా చూశాను. దానికి మెదడు లేదు, ఒంటినిండా నరాల వల మాత్రమే వుంది అంటాడు మా వాడు. మెదడు లేనంతమాత్రాన నొప్పుండదని ఎవరు చెప్పారు? కోడలు వాదించలేదు. ఈ జాతి సముద్రంలోనూ తనంతట తానే రెండుగా చీలుతుందని చెప్పి, తర్వాత అసలు సంగతి చెప్పింది. తొట్లలోకి వచ్చే ఈ పువ్వుల్లో చాలా భాగం సముద్రంలోంచి పీకి తెచ్చినవే. ఫిలిప్పీన్స్‌లో సెబు దీవి దగ్గర పరిశీలించినవాళ్ళు, పీకుడు సాగిన చోట పువ్వులూ, వాటిని నమ్ముకున్న చేపలూ పలచబడ్డాయని 2005లో రాశారు. "ఇంట్లో ఒకటి రెండైతే అక్కడ ఒకటి మిగులుతుంది కదత్తయ్యా" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది. అలాగని ముడుచుకున్న ఆ రేకులు కళ్ళముందునుంచి పోనూ లేదు.

ఇది ఇప్పటి విద్య కాదు. ఫ్రాన్సులో హావ్ర్ రేవులో దిక్‌మార్ అనే మతగురువు ఈ పువ్వుల్ని కోసి, మళ్ళీ పెరగడం చూసి, 1773లోనే లండన్ రాయల్ సొసైటీ పత్రికలో రాశాడు.

రెండు ముక్కల్నీ చిల్లులున్న డబ్బాలో పెట్టి తొట్టిలోనే వేలాడదీశారు. కుళ్ళితే నీళ్ళన్నీ విషమై మిగతా ప్రాణులు కూడా పోతాయి కనుక, పొద్దున లేవగానే కోడలు కాఫీకంటే ముందు వాసన చూసేది. నేనూ చూసేదాన్ని. రెండో నాటికి తెగిన అంచులు లోపలికి ముడుచుకుని ఒకదాన్నొకటి పట్టుకున్నాయి, అప్పడాల పిండి అంచులు నొక్కినట్టు. రెండు వారాల దాకా తిండి పెట్టలేదు. పదిహేడో నాడు మెంతిగింజంత రొయ్యముక్క అందిస్తే, చిన్నది రేకులతో లాక్కుని గుటుక్కున మింగింది. ఆ పూట ఇంట్లో పాయసం చేశాను. ఎవరూ ఎందుకని అడగలేదు.

తొట్టిలో ఇంకో జాతి వుంది, ఐప్టేషియా అని. అదీ సముద్రప్పువ్వే కానీ తుంగ లాంటిది. పీకితే పాదం తునక రాతికి అంటుకునుండి కొత్తది లేస్తుంది. కావలసినదానికి ఇన్ని ఉపచారాలు, అక్కర్లేనిదానికి ఏమీ అక్కర్లేదు.

రాత్రిపూట నన్ను వేధించిన ప్రశ్న వేరే. ఈ రెంటిలో తల్లెవరు, పిల్లెవరు? స్కాట్లండులో 1828లో సర్ జాన్ డాలియెల్ అనే ఆయన తీరాన దొరికిన ఒక పువ్వుని గాజు కూజాలో పెంచాడు. ఆయన 1851లో పోయాక చేతులు మారుతూ అది 1887 దాకా బతికింది. వందల పిల్లల్ని కన్నదని దానికి "గ్రానీ" అని పేరు, అంటే అమ్మమ్మ. అక్కడ తల్లి తల్లే, పిల్లలు పిల్లలే. ఇక్కడో? ఇద్దరికీ ఒకే వయసు, ఒకే గతం. పెద్దరికం ఎవరికివ్వాలి?

నెల తిరిగాక కోడలి స్నేహితురాలొచ్చి చిన్నదాన్ని నీళ్ళసంచీలో తీసుకుపోయింది. బదులుగా ఆకుపచ్చ పగడపు తునకొకటి తెచ్చిచ్చింది. నేనావిడకి బొట్టు పెట్టి, మొదటి వారం రొయ్యముక్క మరీ పెద్దది పెట్టొద్దని రెండుసార్లు చెప్పి పంపాను.