బలపం పుట్టిన చోటు

చిన్నప్పుడు నేరేడుచర్లలో మాకు బలపం రాసుకునేదే కాదు, తినేది కూడా. దొంగచాటుగా కొరికితే చల్లగా, నున్నగా ఉండేది. ఓసారి అలా తినేసి, ఇంట్లో బండలు పరవగా మిగిలిన నాపరాయి ముక్కతో రేకు పలక మీద రాయబోయాను. అక్షరం పడలేదు, గాటు పడింది. "అది సున్నపురాయిరా, పలక కరాబైతది" అని నాయిన వీపు మీద ఒకటిచ్చాడు.

ఒక రాయి గోటికి లొంగుతుంది, ఇంకోటి ఎందుకు లొంగదు? చాలా ఏళ్లకు ఓ పెళ్లికి బేతంచెర్ల వెళ్లినప్పుడు జవాబు దొరికింది. అక్కడ దొరికే బలపపు రాయి కూడా ఒకప్పటి సున్నపురాయేనట! కాకపోతే మెగ్నీషియం కలిసింది. డోలమైటు అంటారు. వేంపల్లి డోలమైటు పొరల్లోకి సుమారు 188 కోట్ల ఏళ్ల కిందట భూగర్భం నుంచి కరిగిన శిల చొచ్చుకొచ్చింది. ఆ వేడికి కాగిన నీళ్లు సిలికాను మోసుకుంటూ రాతిలోకి ఇంకాయి. మెగ్నీషియం, సిలికా, నీరు కలిసి బలపపు రాయి అయింది. కాల్షియం కాల్సైటుగా మిగిలింది, బొగ్గుపులుసు వాయువు వెళ్లిపోయింది. ఆ రాతి రేకుల మధ్య పట్టు తక్కువ. అందుకే ఆ నునుపు, ఆ జారుడు.

మా హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు రాయికి ఆ యోగం పట్టలేదు. మెగ్నీషియం తక్కువ, అలాంటి సెగా తగల్లేదు. అందుకే సిమెంటు ఫ్యాక్టరీలకు అది ముద్దు.

అయితే ఆ వేంపల్లి పొయ్యి మీద ఇంకోటి కూడా ఉడికింది. సిలికా చాలని చోట బలపానికి బదులు సర్పెంటైన్ పుట్టింది. అది పోగులుగా సాగితే రాతినార. పులివెందుల దగ్గర తవ్వింది దాన్నే. ఊపిరితిత్తులకు అదెంత చేటో తెలిసిందే.

ఇదంతా ఎందుకంటే, ఆమధ్య మనవరాలికి నీళ్లు పోసి మా ఆవిడ పౌడరు డబ్బా తీసింది. టాల్కం పౌడరంటే ఈ బలపపు రాతి పిండే. వద్దన్నాను. రాతినార కలవకపోయినా సరే, పసిపిల్లలు ఆ పొడి పీల్చకూడదని డాక్టర్లు అంటున్నారు. 2024 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం టాల్క్‌ను 'బహుశా క్యాన్సర్ కారకం' అన్న జాబితాలో చేర్చింది కూడా.

"మన పిల్లలకు డబ్బాలకు డబ్బాలు పూసిన, ఏమైంది?" అంది. నేను నమిలిన బలపాలు గుర్తొచ్చి నోరు మెదపలేదు.

డబ్బా అయితే అటకెక్కింది. పారేయడానికి మాత్రం ఒప్పుకోలేదు. క్యారమ్ బోర్డుకు పనికొస్తుందట!