నుమాయిష్ నెలలో రోజాలు

మనం రోజూ తిరిగే అబిడ్స్‌కి ఆ పేరు ఆల్బర్ట్ అబిద్ దుకాణం వల్ల వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా దగ్గర కొలువు చేసినాయన. ఆర్మీనియా యహూదీ అంటారు. యహూదీలంటే అంత దూరం వెళ్లక్కర్లేదు లెండి, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు యహూదీలే ఉన్నారు. బెనె ఎఫ్రాయిం అంటారు. 1991లో సినగాగ్ పెట్టుకున్నారు. చాలామంది కూలీనాలీ చేసుకునేవాళ్లు. షబ్బాత్ శుక్రవారం పొద్దుగూకితే మొదలు, శనివారం చీకటిపడేదాకా పని ముట్టకూడదు. మేస్త్రీ శనివారం పొలానికి రమ్మంటే? ఒకవైపు ఖుదా హుకుం, ఇంకోవైపు ఆ పూట బియ్యం.

ఆ లెక్కన మన జుమా తేలికే. నమాజయ్యాక వెళ్లి రోజీ వెతుక్కోమని ఖురానే చెప్పింది. గంట దొరికితే చాలు. పత్రికాఫీసులో ఆ గంట కోసం ఎన్ని ఆదివారాలు డ్యూటీ చేశానో అది వేరే కథ.

అసలు ముష్కిల్ పండుగలతో. యహూదీలూ చాంద్ లెక్కే పాటిస్తారు గానీ 19 ఏళ్లలో 7 సార్లు ఒక నెల ఎక్కువ కలుపుతారు, మన పక్కింటి పంచాంగంలో అధికమాసంలాగా. అందుకే వాళ్ల పస్కా వసంతం దాటిపోదు. హిజ్రీలో ఆ కలపడం లేదు. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకొస్తూ, 33 ఏళ్లకి మౌసములన్నీ చుట్టి వస్తుంది.

నాంపల్లి నుమాయిష్ మాత్రం జనవరి 1న మొదలవ్వాల్సిందే. 1938లో బాగె ఆమ్‌లో పుట్టిన మేళా అది, మన షహర్‌లో మజహబ్ అడగని పండుగ.

1998 జనవరి దాదాపు అంతా రంజానే. దాదీ "తరావీహ్ పోతుంది, వద్దు" అంది. అబ్బా మధ్యలో పడ్డారు. అస్ర్ చదివి బయల్దేరడం, జేబులో ఖజూర్లు, మగ్రిబ్ అజాన్‌కి స్టాళ్ల మధ్యే రోజా విప్పడం, ఇషాకి ఇల్లు. దీపాలన్నీ వెలిగి నుమాయిష్ నుమాయిష్‌లా కనబడే వేళకి మేం రిక్షాలో ఉండేవాళ్లం. తమ్ముడు దారంతా ఏడ్చాడు.

2030 జనవరిలో రంజాన్ మళ్లీ అక్కడికే వస్తోంది. అప్పటికి మా బేటీ కాలేజీలో ఉంటుంది. ఇప్పట్నుంచే బేరం పెట్టింది: "తరావీహ్ ఇంట్లో పదింటికి చదువుకుంటా, రైలెక్కకుండా రాను." దాదీ కుర్చీలో ఇప్పుడు మా అమ్మీ. తస్బీహ్ ఆపకుండానే అంది, "ముందు చాంద్ కనబడనీ."