మూడు వారాల సెలవు

1998లో సైబర్ టవర్స్ మొదలయ్యాక మాదాపూర్‌లో ఉద్యోగం, అక్కణ్నుంచి అమెరికా ప్రయాణం మధ్యతరగతి ఇళ్లలో మామూలైపోయాయి. అలా వెళ్లిన ఓ జంట షికాగోలో ఉంటోంది. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి. పొద్దున్నే కారు మీద మంచు గీకందే ఆఫీసుకు కదల్లేరు. అమ్మకు ఫోన్ చేయాలన్నా పదకొండున్నర గంటల తేడా.

సెలవులకు ఫ్లోరిడా వెళ్దామంటాడు అతను. ఇంటికెళ్దామంటుంది ఆమె. వస్తే మూడు వారాలే... పుట్టిల్లు, అత్తారిల్లు, వీసా స్టాంపింగ్‌కి నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్. పాస్‌పోర్టు చేతికొచ్చేదాకా అరిసె కూడా గొంతు దిగదు. స్టాంపు పడకపోతే అక్కడి ఉద్యోగం, ఇల్లు గాల్లో దీపాలే. పడితే మాత్రం... శంషాబాద్‌లో అమ్మ కళ్లు తుడుచుకుంటుంది. స్టాంపు పడాలని మొక్కుకున్నదీ ఆవిడే!