శరదృతువులో అమ్మతో కెనూ ప్రయాణం

పిల్లల దగ్గరికని విదేశాలు వెళ్ళొచ్చిన పెద్దవాళ్ళని "అక్కడ ఏం చూశారండీ?" అని అడిగి చూడండి. నయాగరా జలపాతం, ఒక గుడి, నాలుగు పెద్ద దుకాణాలు చెప్పి ఆగిపోతారు. మిగిలిన రోజులన్నీ కిటికీ పక్క కుర్చీలోనే గడిచి ఉంటాయి. వాళ్ళని కష్టపెట్టకూడదనే మనం అలా కూర్చోబెడతాం. కానీ పెద్దవాళ్ళని కూర్చోబెట్టడం ఒక్కటే గౌరవం కాదని నా అభిప్రాయం.

మేము కెనడాలో టొరంటో దగ్గర ఉంటున్నాం. కిందటేడు మే నెలలో అమ్మ మా దగ్గరికి వచ్చింది. 68 ఏళ్ళు. షుగరు ఉంది, మోకాళ్ళ నొప్పులున్నాయి. పుట్టిల్లు కోనసీమలో ముక్తేశ్వరం పక్కన. కోటిపల్లి వెళ్ళాలంటే గౌతమి మీద పడవలో దాటుతూ పెరిగిన మనిషి. ఆకులు రంగు మారే రోజుల్లో మేము కెనూ వేసుకుని అడవిలోకి వెళదామనుకుంటుంటే "నేనూ వస్తానే" అంది.

ఊళ్ళో ఉన్న మా అన్నయ్య ఫోనులో ఒకటే కేకలు. "ఈ వయసులో అమ్మని అడవిలోకి తీసుకెళతావుటే? ఏదైనా అయితే ఎవరు దిక్కు?" అని. అన్నయ్య భయంలో తప్పు లేదు. ఆ భయానికి జవాబు మాటల్లో కాదు, ఏర్పాట్లలో ఉండాలనుకున్నాను. ఆ ఏర్పాట్లేమిటో మీకూ చెబుతాను. మీ ప్రయాణం ఏ ఏటి మీదైనా ఇవి పనికొస్తాయి.

ఎక్కడికి? ఎప్పుడు?

కెనూ అంటే రెండు కొసలూ సన్నగా ఉండే తేలికైన దోనె అన్నమాట. అక్కడి ఆదివాసులు భూర్జ చెట్టు బెరడుతో చేసుకునేవారు. ఇప్పుడు అద్దెకిచ్చే తేలిక రకం కెనూలు 20 కిలోలకి కాస్త అటూ ఇటూగా ఉంటాయి. ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకి నేల దారిలో భుజాల మీద మోసుకుని వెళ్ళిపోవచ్చు. అలా మోసే దారిని పోర్టేజ్ అంటారు.

మేము ఎంచుకున్నది అల్గాంక్విన్ పార్కు. 1893లో ఏర్పడింది. విస్తీర్ణం 7,600 చదరపు కిలోమీటర్ల పైమాటే. టొరంటో నుంచి ఉత్తరంగా కారులో మూడు గంటలు పడుతుంది. సెప్టెంబరు ఆఖరి వారం నుంచి అక్టోబరు మొదటి వారం దాకా అక్కడి మేపుల్ చెట్లు కుంకుమ రాశుల్లా ఉంటాయి. వేసవిలో పీక్కుతినే దోమలూ ఈగలూ అప్పటికి పోతాయి. అయితే రాత్రిపూట చలి సున్నా డిగ్రీల దగ్గరికి దిగుతుంది. పొద్దు కూడా ఏడు గంటలలోపే వాలిపోతుంది. అక్టోబరు రెండో సోమవారం వాళ్ళకి థాంక్స్‌గివింగ్ పండగ. ఆ మూడు రోజులూ తిరునాళ్ళే కనుక, దానికి ముందు వారం మధ్యలో రెండు రాత్రులకి నెలల ముందే పర్మిట్టు తీసుకున్నాం.

పార్కులో కెనూ దారులు 2,000 కిలోమీటర్ల పైన ఉన్నాయి. లోపలికి వెళ్ళినకొద్దీ అందం ఎక్కువని మా అబ్బాయి పేచీ పెట్టాడు. నేను మాత్రం రేవు దగ్గరలోనే ఉండే 'కెనూ లేక్' అనే సరస్సు దాటనివ్వలేదు. అక్కడి నుంచి పక్క సరస్సుకి పోర్టేజ్ సుమారు 300 మీటర్లే. కానీ రాళ్ళ మీద అమ్మ కాలు మడత పడితే 300 మీటర్లు కూడా దూరమే కదా! పైగా ఈ సరస్సు ఒడ్డున కొన్ని ఇళ్ళున్నాయి, రేవులో దుకాణం ఉంది. గంటలో వెనక్కి రాగలిగే చోటే మకాం పెట్టాలి. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు ఇది మొదటి సూత్రం.

నీళ్ళతో పరాచికాలొద్దు

కెనడా వాళ్ళు ఎంతో గొప్పగా చెప్పుకునే చిత్రకారుడు టామ్ థామ్సన్ 1917 జులైలో ఈ సరస్సులోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒడ్డున ఆయన స్మారక స్తూపం ఉంది. కెనూ నడపడంలో చెయ్యి తిరిగినవాడని చెబితే అమ్మ, "అంత తెలిసినవాడికే అలా అయితే మనమెంత? ఆ జాకెట్టు ఇటియ్యి" అని లైఫ్ జాకెట్టు తానే తొడుక్కుంది.

లైఫ్ జాకెట్టు పడవలో పక్కన పెట్టుకునే వస్తువు కాదు, ఒంటి మీద ఉండాల్సిన వస్తువు. బాగా చల్లటి నీళ్ళలో పడితే మొదటి నిమిషం ఊపిరి ఎగబీలుస్తుంది. పది నిమిషాలయ్యేసరికి చేతులూ కాళ్ళూ మాట వినవు. ఈత వచ్చినా ఉపయోగం ఉండదు. ఈల, 15 మీటర్ల తేలే తాడు, నీళ్ళు తోడి పోసే డొక్కు కూడా కెనూలో ఉంచుకోవాలి.

ఆగస్టులోనే ఇంటి దగ్గరి చిన్న చెరువులో అమ్మకి అలవాటు చేయించాను. రెండు అంచులూ పట్టుకుని, నడుము వంచి, అడుగు సరిగ్గా మధ్యలో వేయాలి. ఎక్కాక నిలబడకూడదు. మోకాళ్ళ మీద కూర్చోలేదు కనుక ముందు బల్ల మీద దళసరి స్పాంజి వేశాం. వెనక కూర్చుని దారి మళ్ళించే పని నాది. రెండు వేసవుల నుంచి నేర్చుకుంటున్నాను లెండి. మావారూ, అబ్బాయీ సామానుతో రెండో కెనూలో.

ఇక బట్టల సంగతి. చీర తడిస్తే కాళ్ళకి చుట్టుకుంటుంది, నూలు బట్ట తడిస్తే ఒంట్లో వేడి లాగేస్తుంది. అందుకని లోపల ఉన్ని బట్టలు, పైన నా సిల్కు పంజాబీ డ్రెస్సు, దాని మీద వాన కోటు. అమ్మ అద్దంలో చూసుకుని, "మీ నాన్నగారుంటే గుర్తుపట్టేవారు కాదు" అని నవ్వింది.

డాక్టరు గారిని కూడా ముందే సంప్రదించాం. తెడ్డు వేస్తే షుగరు తగ్గవచ్చు కనుక జేబులో గ్లూకోజు బిళ్ళలు, మాత్రలు రెండు సంచుల్లో రెండు జతలు పెట్టాం. అమ్మ వైద్య బీమా ఈ ప్రయాణానికి వర్తిస్తుందని కనుక్కున్నాం. అడవిలో సెల్‌ఫోనుని నమ్ముకోలేం కాబట్టి, ఏ రోజు ఏ వేళకి తిరిగి రావాలో రాసి పక్కింటివాళ్ళకి ఇచ్చాం.

మకాం దగ్గర మరుగుదొడ్డి అంటే చెట్ల చాటున గుంట మీద మూత ఉన్న చెక్క పెట్టె. గోడలు ఉండవు. కుర్చీలా ఎత్తుగా ఉండటంతో మోకాళ్ళకి మాత్రం సుఖం. రాత్రి దారి తప్పకుండా గుడారం నుంచి అక్కడి దాకా పాత తెల్లచీర పేలికలు కొమ్మలకి కట్టాను. వచ్చేటప్పుడు విప్పి తెచ్చేశాం.

వంట మూట

ఈ లోపలి మకాములకి తిండి పదార్థాలు గాజు సీసాల్లో, డబ్బా టిన్నుల్లో తీసుకెళ్ళనివ్వరు. ఆవకాయ కూడా ప్లాస్టిక్ డబ్బాలోకి మారాల్సిందే! మేము పట్టుకెళ్ళిన 'అడవి కిచిడీ' ఇదీ: గోధుమ రవ్వ 2 గ్లాసులు, పెసరపప్పు 1 గ్లాసు విడివిడిగా దోరగా వేయించాలి. నాలుగు చెంచాల నూనెలో జీలకర్ర, మిరియాలు, జీడిపప్పు, ఎండిన కరివేపాకు వేయించి అందులో కలపాలి. ఉప్పు, పసుపు, కాస్త శొంఠి పొడి చేర్చి, చల్లారాక సంచిలో మూట కట్టుకోవాలి. అక్కడ 9 గ్లాసుల నీళ్ళు మరిగించి పోసి, 20 నిమిషాలు సన్న సెగ మీద ఉడికిస్తే నలుగురికి కడుపునిండా వస్తుంది. వేయించిన వేరుశనగలు, కారప్పొడి ఎలాగూ ఉంటాయి. తాగే నీళ్ళు మాత్రం సరస్సువే, మరగకాచి తాగాలి.

అక్కడ నల్ల ఎలుగుబంట్లు ఉంటాయి. మన ఆవకాయ వాసన మనకే ఫర్లాంగు దూరం నుంచి తెలుస్తుంది, ఇక వాటి సంగతి చెప్పాలా? రాత్రి భోజనాలయ్యాక తిండి, సబ్బు, పళ్ళపొడి అన్నీ ఒక సంచిలో కట్టి నేలకి 4 మీటర్ల ఎత్తున, చెట్టు మొదలుకి 2 మీటర్ల దూరంలో వేలాడదీయాలి. గుడారంలో బిస్కెట్టు ముక్క కూడా ఉండకూడదు. షుగరు ఉన్నవాళ్ళ గ్లూకోజు బిళ్ళలు మాత్రం మూత బిగించిన డబ్బాలో చేతికి అందేలా ఉంచుకోవాలి, అది ప్రాణావసరం.

ఆ మూడు రోజులు

మొదటిరోజు నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అమ్మ తెడ్డు వేస్తుంటే ఎర్రటి కొండ నీళ్ళలో విరిగి మళ్ళీ అతుక్కుంటోంది. అరగంట వేసింది, పది నిమిషాలు ఆగింది, మళ్ళీ వేసింది. "నువ్వు ఆపమ్మా, నేను వేస్తాను" అనే మాట నా నోటిదాకా వచ్చింది కానీ మింగేశాను.

రెండోరోజు మధ్యాహ్నం అవతలి ఒడ్డున స్తూపం చూసొద్దామని మావారూ, అబ్బాయీ బయలుదేరబోయారు. ఎండ బాగానే ఉంది. గాలి మాత్రం లేచింది. అమ్మ ఒడ్డున నిలబడి దూరంగా చూసి, "అల్లుడుగారూ, అటు చూడండి. అల మీద తెల్ల నురగ విరుగుతోంది. గౌతమిలో నురగ కనబడితే మా నాన్న పడవ కట్టేయించేవాడు. ఇవాళ వద్దు" అంది. ఎవరం మారు మాట్లాడలేదు. సాయంత్రం దాకా గాలి తగ్గలేదు. పడవ కట్టేసి చలిమంట వేసుకున్నాం. పొద్దుపోయాక అమ్మ ముక్తేశ్వరం రేవు కబుర్లు చెప్పింది. పాతికేళ్ళలో మావారు అత్తగారితో అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి.

మూడోరోజు తెల్లవారుజామున గాలి పడుకుంది. పొగమంచు విడగానే ప్రశాంతంగా రేవు చేరాం. అమ్మే అన్నయ్యకి ఫోను చేసి, "నన్ను తీసుకెళ్ళడం కాదురా, వీళ్ళని నేను ఒడ్డుకి చేర్చాను" అని చెప్పింది.

చూశారా, అమ్మకి వీలుగా దూరం తగ్గించాం, మకాం దగ్గర చేశాం, సామాను మేము మోశాం. కానీ తెడ్డు మాత్రం ఆమె చేతిలోనే ఉంచాం. ఈసారి మీ అమ్మగారితోనో, అత్తగారితోనో పాపికొండలకో, కోరంగి మడ అడవులకో బయలుదేరితే, జాగ్రత్తలన్నీ మీరు తీసుకోండి. పనిలో కాస్త వాటా మాత్రం వాళ్ళకి వదలండి. ఏమంటారు?