రెండో తాళంచెవి

మొన్న నిజాంసాగర్ వెళ్ళాం. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన ఆ కట్టమీద నిలబడి మంజీర నీళ్ళు చూస్తూ, "ఎవరైనా తోచక ఒక గేటు ఎత్తేస్తేనో?" అన్నాను.

మా అబ్బాయి నవ్వాడు. వాడిది హైదరాబాదులో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం. "అందుకేగా అమ్మా, ఎత్తే చెయ్యి వేరు, ఎత్తమనే నోరు వేరు. మా దగ్గరా అంతే. రాత్రి డ్యూటీ ఆపరేటరుకి తెరమీద తన పనికి కావలసిన ఆజ్ఞలే కనిపిస్తాయి. చెరిపేసేవీ, మార్చేసేవీ అసలు కనిపించవు" అన్నాడు. ఎవరి పని ఎంతో వారి అధికారం అంతేనని సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు 1975లోనే రాశారట.

మా అత్తగారు అవేవీ చదవకుండానే అమలుచేశారు! నేను కాపురానికొచ్చిన కొత్తలో వంటింటి అలమర తాళం నాకిచ్చి, బీరువా తాళం బొడ్డున దోపుకున్నారు. నాకెంత ఉడుకుమోత్తనమో!

ఓ రాత్రి మామగారికి గుండెనొప్పి. అత్తగారు ఊళ్ళో లేరు, మావారు క్యాంపు. డబ్బంతా బీరువాలో! పక్కింట్లో చేబదులు తీసుకుని ఆస్పత్రికి పరుగెత్తాను. ఆయన గట్టెక్కారనుకోండి. అత్తగారు వచ్చి, ఏమీ అనకుండా రెండో తాళంచెవి దేవుడి గూట్లో పెట్టారు. "అవసరమైతే తియ్యి. తీస్తే నాతో చెప్పు" అన్నారంతే.

"మాకూ అలాంటి తాళం ఉందమ్మా! తీసినవాళ్ళ పేరూ, వేళా దానంతటదే రాసిపెడుతుంది" అన్నాడు అబ్బాయి.

ఆ తాళంచెవి నేనెప్పుడూ తియ్యలేదు. కాని ఆనాటినుంచే ఆ ఇల్లు నాదయింది.

ఇంటికి రాగానే నా బీరువా రెండో తాళంచెవి వెతికాను. కోడలొచ్చే వేళయింది మరి!